పైన రాసిన పేరు

మామ పోయిన మూడో రోజు ఆదరణ కూడిక కార్డు వేయించడానికి మార్కాపురం వెళ్లాను. మా క్రైస్తవుల ఇళ్లలో మనిషిని సమాధి చేశాక బంధువులంతా ఒకరోజు కూడి, ప్రార్థన చేసి, భోజనాలు పెడతారు. దానికి కార్డు వేయించి పంచుతారు. ప్రెస్సులో అతను కంప్యూటర్లో ఎవరిదో పాత కార్డు తెరిచి, ఆ ఫొటో తీసేసి మామ ఫొటో పెట్టాడు. పైనున్న వాక్యం అలాగే ఉంచాడు. కింద ‘ఇట్లు’ అన్నచోట భార్య పేరు కొట్టాడు. ఆ తర్వాత ‘కుమారులు, కుమార్తెలు’ అని ఉంది.

“పిల్లల పేర్లు చెప్పండి మేడం,” అన్నాడు.

“లేరు.”

“అయితే ఆ లైను తీసేస్తా.”

“తీయొద్దు. దాని కింద ఖాళీ ఉంచు,” అన్నాను. ఎందుకన్నానో అప్పుడు నాకే తెలియదు. అరవై దాటిన మనిషితో వాదన దేనికనుకున్నాడేమో, అలాగే ఉంచాడు.

మామ అంటే మా అమ్మకు చిన్న తమ్ముడు. నాకు అక్షరాలు దిద్దించింది ఆయనే. ఎమర్జెన్సీ రోజుల్లో ఆయన్ని పట్టుకుపోయి పిల్లలు పుట్టకుండా చేశారు. అందులో నా చేయి కూడా ఉంది. యాభై ఏళ్లు కావస్తోంది, ఈ మాట కడుపులోనే పెట్టుకుని బతికాను. ఇప్పుడు రాస్తున్నాను. ఇందులో ఎవరి పేరూ రాయను. పదకొండేళ్ల వయసులో రాసిన పేర్లు చాలు నాకు.

మాది మార్కాపురానికీ కొనకనమిట్లకూ మధ్య ఒక పల్లె. చేను పని, కూలి పని, లేదంటే టౌన్లో పలకల పని. నాయన గనిలో రాయి చీల్చేవాడు. నల్లరాయి అంచు మీద సన్నటి ఉలి పెట్టి, సుత్తితో మెల్లగా తట్టుకుంటూ పోతే పొరలు పొరలుగా విడుతుంది. తొందరపడితే ముక్కలైపోతుంది. మామ ఫ్యాక్టరీలో ఆ పొరలకు చెక్క చట్రాలు బిగించేవాడు. ఎక్కడెక్కడి పిల్లలో దిద్దుకునే పలకలు మా వాళ్ల చేతుల మీదుగా పోయేవి గానీ, మా పల్లెలో తడుముకోకుండా చదవడం వచ్చినవాళ్లం ముగ్గురమే. పాస్టరయ్య, మామ, నేను.

ఒకసారి నాయన చీల్చిన రాయిలోంచి మూరన్నర పొడవు పలక ఒకటి వచ్చింది. మూల విరిగి ఉండడం వల్ల ఫ్యాక్టరీకి పనికిరాదన్నారు. నాయన దాన్ని నెత్తిన పెట్టుకుని నడిచి వచ్చి, మా చర్చి గోడకు రెండు మేకులు కొట్టి నిలబెట్టాడు. దాన్ని ప్రార్థన పలక అనేవాళ్లం. కష్టంలో ఉన్నవాళ్ల పేర్లు శనివారం దాని మీద రాయాలి. పేరు పక్కన ఆ మనిషి ఎక్కడున్నాడో ఆ ఊరు కూడా రాయాలి. ఎందుకంటే ఆదివారం ప్రసంగం అయ్యాక పాస్టరయ్య ఒక్కొక్క పేరే చదువుతుంటే, ఆ మనిషి ఏ దిక్కున ఉంటే ఆ దిక్కుకు తిరిగి సంఘమంతా ఒక్కసారే ప్రార్థన చేసేది. కంభం ఆస్పత్రిలో ఉన్నవాళ్లకు ఒక గోడ, కూలికి పోయి జ్వరపడినవాళ్లకు ఇంకో గోడ. ముసలమ్మలు చాప మీద నుంచి లేవలేక కూర్చునే తిరిగేవాళ్లు.

పక్క ఊరి పాస్టరు ఒకాయన ఇది చూసి, దేవుడికి దిక్కులు తెలియవా అని ఎగతాళి చేశాడు. మా పాస్టరయ్య నవ్వి, “దేవునికి తెలుసులే అయ్యా. మనిషి యాడ బాధపడతాండాడో మనకు తెలియాల గదా,” అన్నాడు.

ఇంకో పద్ధతి కూడా ఉండేది. గండం గడిచినవాళ్లు చర్చికి వచ్చి ఎవరి పేరు వాళ్లే తడిగుడ్డతో తుడుచుకోవాలి. ఒకరి పేరు ఇంకొకరు తుడవకూడదు.

పలక మీద రాసే పని నాది. మామ నా వేళ్లు పట్టుకుని దిద్దించి దిద్దించి నా అక్షరాలను గుండ్రంగా చేశాడు. పలకకు పొరపాటున కాలు తగిలితే వెంటనే కళ్లకద్దుకోమనేవాడు. మరిచిపోతే, “కోడలా, అక్షరానికి కాలు తగిలిచ్చి అట్లనే పోతాండావే,” అని జడ పట్టుకుని వెనక్కి లాగేవాడు. నా రాత చూసి ఎవరైనా మెచ్చుకుంటే నాకు ఆకలి వేసేది కాదు. అంత పొగరు ఆ వయసులో.

ఢిల్లీలో ఏదో జరిగిందన్న మాట మాకు రేడియోలో వచ్చింది. మొదట్లో మా వాళ్లు మెచ్చుకున్నారు, ఆ సంగతి దాచను. రేషన్ షాపు తలుపు చెప్పిన వేళకు తెరుచుకునేది. ఆఫీసుల్లో గుమాస్తాలు కుర్చీల్లో కనిపించారు. రైలు టైముకు వస్తోందని కంభం స్టేషన్లో దిగినవాళ్లు వింతగా చెప్పుకున్నారు. “ఒకరు గట్టిగా అడిగేవాళ్లు ఉంటేనే మాట వింటారు జనం,” అని నాయన కూడా అన్నాడు.

తర్వాత టౌన్లో ఒక ప్లీడరుగారిని ఇంట్లోంచి తీసుకుపోయారు. ఎక్కడికో ఆయన భార్యకు కూడా చెప్పలేదు. ఫ్యాక్టరీ ఎదురుగా టీ దుకాణం నడిపే సాయిబు తాత రోజూ పేపరు పైకి చదివి కూలీలకు వినిపించేవాడు. ఒకరోజు నుంచి చదవడం మానేశాడు. ఏంది భాయ్ అని నాయన అడిగితే, కళ్లజోడు పగిలిందన్నాడట. కళ్లజోడు ఆయన ముక్కు మీదే ఉందని నాయన ఇంటికొచ్చి చెప్పాడు. చెప్పి నవ్వలేదు. గట్టిగా అడిగేవాళ్లు ఉండాలన్న మాట మళ్లీ ఆయన నోట వినలేదు.

మొన్న కూడికకు షామియానా కట్టిస్తూ మా తమ్ముడి కొడుకు, “మన దేశానికి ఒక పదేళ్లు డిక్టేటర్ ఉండాల అత్తా, అప్పుడుగానీ దారికి రాదు,” అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఎవరి కూడికకు ఆ గుంజలు పాతిస్తున్నావో తెలుసా అని కేకలేశాను. వాడు బిత్తరపోయాడు. వాడి తప్పేమీ లేదు, చెప్పాల్సిన మేమే చెప్పలేదు.

ఎమర్జెన్సీ వచ్చిన మరుసటి ఏడాది ఎండాకాలంలో మామకు పెళ్లయింది. అత్తది గిద్దలూరు వైపు. పందొమ్మిదేళ్లుంటాయి. వచ్చిన వారానికే నన్ను దగ్గరకు తీసింది. సాయంత్రం గడప మీద కూర్చోబెట్టుకుని చిక్కు తీసి జడ వేసి, పుట్టినింట్లో ఇట్ల అట్ల అని కబుర్లు చెప్పేది. నాకు అక్క లేదు కాబట్టి ఆ గడప నాకు పండగలా ఉండేది. మామ ఫ్యాక్టరీ నుంచి వచ్చి, “మీ ఇద్దరి జడలయ్యేలోపు నేను ఆకలికి చస్తా,” అనేవాడు.

అప్పుడే ఆపరేషన్ల జీపులు మొదలయ్యాయి. పిల్లలు చాలనుకున్నవాళ్లు మగవాళ్లైనా ఆడవాళ్లైనా చేయించుకోవాలని పైనుంచి వచ్చిన మాట. కాగితం మీద అలాగే ఉంది. కానీ పైవాళ్లు కింది వాళ్లకు ఇన్ని కేసులు తేవాలని లెక్క పెట్టారు. గ్రామాధికారికి, రేషన్ షాపు వాడికి, బడి సారుకు, అందరికీ. కేసు తేనివాడి ఉద్యోగం ఉండదన్నారు. ఇక పిల్లలున్నారా, పెళ్లయిందా అని చూసేవాడు ఎవడు? సంత నుంచి వస్తున్న బస్సు ఆపి పక్క ఊరి వాళ్లను ఇద్దరిని దించేశారు. అందులో ఒకాయన మనవళ్లున్న ముసలాయన.

ఆ కబురు తెలిసిన పొద్దు మా పల్లె నుంచి ఆరుగురు మగవాళ్లు వెళ్లిపోయారు. కొందరు కంభం చెరువు కింద వరి కోతలకు పోయారు, కొందరు తెలిసినవాళ్ల ఊళ్లకు పోయారు. మామ పెద్దదోర్నాల దాటాక అడవిలో వెదురు కొట్టే కూపులో పనివాళ్లతో కలిశాడు. పిల్లలు పుట్టాక అయితే నేనే పోయి చేయించుకుంటా, ఒక బిడ్డనన్నా ఎత్తుకోనీండి అని అమ్మతో చెప్పి పోయాడు. అత్త సద్ది కట్టి ఇచ్చింది.

ఆ శనివారం పాస్టరయ్య ఆరు పేర్లూ పలక మీద రాయమన్నాడు. ఎవరు ఎక్కడున్నారో ఆయన చెప్పాడు, నేను రాశాను. దాచాలన్న ఆలోచన ఆయనకు రాలేదు, నాయనకు రాలేదు, ఎవరికీ రాలేదు. ఆ పలకను చదవగలిగినవాళ్లు ఎవరు గనక? ముగ్గురిలో ఒకడు అడవిలో ఉన్నాడు. చదువు లేని చోట రాసి పెట్టిన మాట తాళం వేసిన పెట్టెలో ఉన్నట్టేనని మా వాళ్ల నమ్మకం. పలక మీద రాసేది దేవుడు చదువుకోవడానికే అనుకున్నాం.

వయసు ప్రకారం పెద్దవాళ్ల పేర్లు ముందు రాయడం పద్ధతి. మామ అందరికంటే చిన్నవాడు, చివర రావాలి. నేను ఆయన పేరు మొదట రాశాను. పైన ఉంటే దేవుడు ముందు చూస్తాడనుకున్నాను. అందంగా రావాలని రెండుసార్లు చెరిపి రాశాను. పక్కన దోర్నాల అవతల వెదురు కూపు అని కూడా రాశాను.

తర్వాతి శనివారం ఒంటిపూట బడి. మా సారు టౌన్ నుంచి సైకిల్ మీద వచ్చేవాడు. ఆ రోజు పాఠం చెప్పకుండా తల పట్టుకుని కూర్చున్నాడు. ఎందుకో నాకు తెలియదు. పిల్లలంతా వెళ్లాక నా నోటు పుస్తకం దిద్దుతూ, “ఇంత మంచి రాత ఎట్ల వచ్చిందమ్మా నీకు,” అన్నాడు. ఆ ఒక్క మెప్పు చాలలేదు నాకు.

“సార్, గుళ్లో ఇంకా పెద్దగా రాసినా. చూపిస్తా రండి,” అన్నాను.

ఆయన రానన్నాడు. నేనే చేయి పట్టుకుని తీసుకుపోయాను. మేం గుడి అనేది చర్చినే. దాని తలుపు ఎప్పుడూ దగ్గరగా వేసి ఉండేది, తాళం లేదు. తోసి చూపించాను. సారు పలక ముందు చాలాసేపు నిలబడ్డాడు. అన్ని అక్షరాలు చదవడానికి సారుకు అంతసేపు ఎందుకా అనుకున్నాను. చివరికి, “బాగా రాసినావు,” అని నా తల మీద చేయి పెట్టాడు. ఆ రోజు ఆయన సైకిల్ ఎక్కలేదు. రోడ్డు దాకా నడిపించుకుంటూ పోయాడు.

సోమవారం పొద్దున జీపు వచ్చింది. మగవాళ్లు పనులకు పోయారు. ఇద్దరు చర్చిలోకి చెప్పులతో పోయి పలకను మేకుల మీద నుంచి ఎత్తారు. పాస్టరయ్య అడ్డం పోయి, ఇది గుడిదయ్యా, వదిలిపెట్టండి అన్నాడు. ఒకడు తోస్తే మెట్టు మీద పడ్డాడు. నేను అమ్మ చీర పట్టుకుని చూస్తున్నాను. జీపు ముందు సీట్లో సారు కూర్చుని ఉన్నాడు. ఒక్కసారి కూడా తల తిప్పలేదు. నాకు అప్పుడు అర్థమైంది. మామకు కబురు పంపండి అని అరవాలి నేను. అరవలేదు. అరిస్తే ఎట్లా తెలుసని అడుగుతారు గదా.

ఇది నేను చేసిన రెండో తప్పు. మొదటిది తెలియక చేశాను. దీన్ని తెలిసే చేశాను.

నాలుగో రోజు మామ వచ్చాడు. రోడ్డు మీద బస్సు దిగి, కాళ్లు ఎడంగా పెట్టుకుంటూ, ఆగి ఆగి నడిచి వచ్చాడు. భుజం మీద వాళ్లిచ్చిన కొత్త దుప్పటి ఉంది. చేతిలో కాగితం ఉంది. అత్తను చూసి గడప మీద కూర్చున్నాడు. అత్త ఆ కాగితం తీసుకుని నాకిచ్చింది.

“ఏం రాసుండాది? చదువు,” అంది.

చదివాను. తన ఇష్టపూర్వకంగా అని ఉంది. పిల్లలు ముగ్గురు అని ఉంది.

“ముగ్గురా?” అంది అత్త.

మళ్లీ చదవమంది. మళ్లీ చదివాను. మామ తల ఎత్తలేదు. ఆ దుప్పటిని అత్త ఇంట్లోకి రానివ్వలేదు, తీసుకుపోయి గేదె దూడ కింద వేసింది. కాగితాన్ని మాత్రం మడిచి బైబిల్లో పెట్టింది. అది ఇప్పటికీ అందులోనే ఉంది.

మిగతా ఐదుగురినీ పట్టుకుంటారని మా వాళ్లు బెదిరి కూర్చున్నారు గానీ, వాళ్ల కోసం జీపు రాలేదు. కొన్ని రోజులకు పలక బడి గోడకు ఆనించి కనిపించింది. సారు వేరే ఊరికి మార్పించుకుని వెళ్లిపోయాడు. నాయన పలకను ఇంటికి తెచ్చాడు. పైన మామ పేరు ఒక్కటే ఉంది. కింది ఐదు పేర్లూ అలికినట్టు పోయాయి. జీపు కుదుపులకు పోయి ఉంటాయనుకున్నాం. రాయిని పొరగా చీల్చడమే తప్ప పగలగొట్టడం తెలియని మా నాయన, ఆ పలకను వాకిట్లో పెట్టి సమ్మెటతో కొట్టాడు. మామ పేరు తుడవమని ఎవరూ అనలేదు. మళ్లీ మా చర్చిలో పలక పెట్టలేదు.

అత్త నాకు జడ వేయడం మానేసింది. తిట్టలేదు, కొట్టలేదు, అన్నం పెట్టకుండా పంపలేదు. సాయంత్రం పోయి గడప మీద కూర్చుంటే, లోపల పనుంది అని లేచిపోయేది. ఆమె బాధ ఆమెదని అమ్మ అనేది. అంతేలే అనుకున్నాను, ఇంకోలా అనుకునే ధైర్యం లేక.

ఆ రోజులు పోయాయి. ఎన్నికలొచ్చాయి, ఢిల్లీలో వాళ్లు ఓడిపోయారని టౌన్లో మిఠాయిలు పంచారు. సాయిబు తాతకు కళ్లజోడు బాగైంది, మళ్లీ పేపరు చదివాడు. మామ పెద్ద ఆస్పత్రికి పోయి, మళ్లీ అతికించడానికి వీలవుతుందా అని అడిగాడు. పుండు చీము పట్టి మానింది కాబట్టి వీలుకాదన్నారు. పల్లెలో తెలియనివాళ్లు, ఊరికి కొత్తగా వచ్చిన కోడళ్లు, అత్తను గొడ్రాలన్నారు. ఆమె ఎదురు చెప్పలేదు. మామ చట్రాలు బిగిస్తూనే ఉన్నాడు. ఎదురుగా ఎప్పుడూ పిల్లల పలకలే. ఆ పని మానేయమని ఒకసారి నాయన అంటే, “పలకలేం చేసినాయి బావా,” అన్నాడు.

నేను నా రాతను పాడుచేసుకున్నాను. కావాలనే. గుండ్రటి అక్షరాలను పొడుగ్గా, వంకరగా, ఎవరివో అన్నట్టు రాయడం అలవాటు చేసుకున్నాను. టీచరునయ్యాక తనిఖీకి వచ్చిన ప్రతి ఆఫీసరూ, ఏంటమ్మా బోర్డు మీద ఈ రాత అన్నాడు. అననీ. పిల్లల జాబితాలు, ఇళ్ల జాబితాలు, ఎవరింట్లో ఎందరో రాసుకు రమ్మనే జాబితాలు, సర్వీసంతా అవే. ప్రతిసారీ ఇది దేనికని అడిగేదాన్ని. పైనుంచి అడిగారు అనేవాళ్లు. ఆ జవాబు వింటే నాకు జీపు చప్పుడు వినిపించేది.

ఒకసారి గిద్దలూరు బస్టాండులో మా సారు కనిపించాడు. బాగా ముసలివాడయ్యాడు. నేనే పలకరించాను. ఎందుకు పలకరించానో, నాలుగు మాటలు అడిగి కడిగేద్దామనే అనుకున్నాను. ఆయన నన్ను గుర్తుపట్టి, నా చేతిసంచి వైపు చూస్తూ మాట్లాడాడు.

“కేసు లేకపోతే సస్పెండన్నారమ్మా. ఇంట్లో ఐదుగురం. ఒక్క పేరు చెప్పి ఊరుకుందామనుకున్నా. వాళ్లు పలకే ఎత్తుకొచ్చినారు.” నా సంచి మీంచి చూపు తీయకుండానే, “తర్వాత మిగతా పేర్లు అడిగినారు. గుర్తులేవన్నా,” అన్నాడు.

నేను నమ్మలేదు. ఎట్లా గుర్తుండవు, అంతసేపు చదివారు గదా అన్నాను. ఆయన ఏడ్చాడు. నాకు జాలి కలగలేదు. ఇప్పటికీ కలగదు. కానీ ఆయన తప్పు పక్కన నా తప్పు నిలబడి ఉంటుంది, అందుకని ఆయన్ని పూర్తిగా తిట్టుకోలేను.

మామ చివరి వారం మార్కాపురంలో ఆస్పత్రిలో ఉన్నాడు. ఊపిరితిత్తుల నిండా రాతి దుమ్మే. ఒక మధ్యాహ్నం అత్త కింద భోజనానికి పోయినప్పుడు, నేను మందుల చీటీ వెనక ఏదో రాసుకుంటున్నాను. మామ అది చూశాడు.

“కోడలా, నీ రాత ఎందుకట్ల చెడగొట్టుకున్నావు?” అన్నాడు.

నేను ఆపుకోలేకపోయాను. మంచం పట్టీ పట్టుకుని ఏడుస్తూ మొత్తం చెప్పేశాను. పేరు పైన రాసింది, సారును చేయి పట్టుకుని తీసుకుపోయింది, జీపు వచ్చినప్పుడు నోరు మూసుకున్నది, అంతా.

“రాసింది నువ్వని నాకు తెలీదా? చెయ్యి పట్టుకోని దిద్దిచ్చిందే నేను గదా,” అన్నాడు మామ. ఊపిరి అందక ఆగాడు. “జీపులో ఆ పలక నా కాళ్ల కాడ పడేసినారు. రెండు చేతులూ ఇద్దరు పట్టుకోని ఉన్నారు. పైన నా పేరు, దాని కింద ఐదు పేర్లు. వాళ్లు కాగితం మీద ఎక్కించుకోలేదు, పలకుంది గదా అనుకున్నారు. నేను కాలితో తుడిచినా. చెమట కాళ్లు గదా, బాగానే పోయినాయి. దోర్నాల నించి మార్కాపురం దాకా తుడుస్తానే ఉన్నా.”

“కాలితోనా మామా?”

“కాలితోనే. అక్షరానికి కాలు తగలకూడదని నీకు చెప్పినోణ్ణి. పరులది తుడవకూడదని గుళ్లో నేర్చినోణ్ణి. ఏం జేసేది.”

“మరి నీ పేరు తుడవలేదేంది?”

“నేను ఎట్లాగూ దొరికిపోయినా గదా. నీ రాత ఒక్కటన్నా ఉండనీలే అనుకున్నా.”

ఆ మాటతో నాకు ఓదార్పు కలిగిందని రాస్తే అబద్ధం. ఆ ఐదుగురికీ తర్వాత పిల్లలు పుట్టారు, మనవళ్లు పుట్టారు. మామ పేరు చివర రాసి ఉంటే జీపు ముందు ఇంకొకరి కోసం పోయేది, మామకు పరిగెత్తడానికి ఒక రోజైనా దొరికేది. అంటే ఇంకొకరి ఇల్లు ఖాళీ అయ్యేది. మనసు ఆ లెక్కలోకి పోయినప్పుడల్లా నా మీద నాకే అసహ్యం వేస్తుంది. మూడు రోజులకు మామ పోయాడు.

కూడిక రోజు ఆ ఐదు ఇళ్ల పిల్లలే వంట చేయించారు, వాళ్లే వడ్డించారు. మామ వాళ్లకు ఏం చేశాడో వాళ్లకు తెలియదు. పల్లెలో పెద్దాయన పోతే చేసే పని అనుకునే చేశారు. ప్రార్థన అయింది, జనం వెళ్లిపోయారు. షామియానా కింద అత్త, నేను మిగిలాం. అత్త చేతిలో కార్డు ఉంది. ఆమెకు చదవడం రాదు. కానీ ఖాళీ చదువు రాకపోయినా కనబడుతుంది.

“ఈడ ఏం రాసుండాది?” అని వేలు పెట్టి అడిగింది.

“కుమారులు, కుమార్తెలు అని.”

“దాని కింద?”

“ఏమీ లేదత్తా.”

అత్త కార్డును ఒళ్లో పెట్టుకుంది. తర్వాత నా వైపు చూడకుండానే మాట్లాడింది.

“ఆ శనివారం నేను బాయి కాడ ఉన్నా. నువ్వు సారును గుళ్లోకి పిలుచుకపోతాంటే చూసినా. జీపొచ్చినాక తెలిసింది ఎందుకని. మీ నాయనకు చెప్తే నిన్ను సంపేస్తాడని చెప్పలా. ఆయనకు గూడా చెప్పలా. నిన్ను జూస్తే కడుపు రగిలిపోయేది. నీ జడ పట్టుకుంటే చేతులేం జేస్తాయో అని భయం, అందుకే మానుకున్నా.”

యాభై ఏళ్లు నేను దాచుకున్నాననుకున్నది ఆమె మోసింది.

“ఇప్పుడు తగ్గిందా అంటే తగ్గలా. అబద్ధమెందుకు,” అంది. కార్డు నా చేతిలో పెట్టింది. “అప్పుడు ఆయన పేరు రాసినావు. ఇప్పుడు ఈడ నీ పేరు రాయి. ఇది ఖాళీగా ఉంటే నేను చూళ్లేను.”

సంచిలోంచి పెన్ను తీశాను. ఇన్నేళ్ల నా వంకర రాత రాయబోతే, రాలేదు. మొదటి అక్షరం గుండ్రంగా వచ్చింది, మిగతావి దాని వెంటే వచ్చాయి. అత్త తల వంచి ఆ అక్షరాలను చూసింది.

“ఏం రాసినావో చదువు,” అంది.

కుమారులు, కుమార్తెలు అని మొదలుపెట్టి, నా పేరు చదివాను.

అత్త మళ్లీ చదవమంది.